పాలల్లో నీళ్లు, బావ కాలిలో నారు

మొన్న పొద్దున పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో, టెండరు ప్రకటనల పక్కన, నాలుగు వరుసల వార్త కనబడింది. నారికురుపు మన దేశంలో ఇక లేదట. బతుకంతా పేపర్లలోనే గడిపినవాణ్ణి గనుక ఏ వార్త ఏ మూలన ఎందుకు పడుతుందో నాకు తెలుసు. దాన్ని అక్కడ వేసినవాడు నారును కంటితో చూసి ఉండడు. చూసినవాడైతే మొదటి పేజీలో పెట్టేవాడు.

నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. మెట్లబావిలో దిగి ముంచుకున్న నీళ్లు తాగితే, ఏడాది తిరిగేసరికి కాలి మీద బొబ్బ లేచేది. మంటకు తాళలేక చల్లనీళ్లలో పెడితే అది పగిలి, లోపలినుంచి తెల్లని దారపు కొసలాంటి పురుగు, అదే నారు, తల బయటపెట్టేది. ఆ కొసను చీపురుపుల్లకు చుట్టి, కాలు కదపకుండా కూచుని, రోజుకు కాస్త కాస్తగా మొత్తం బయటికి వచ్చేదాకా ఓపిక పట్టడమే అప్పటి వైద్యం. లాగితే తెగుతుంది. తెగిన నారుకంటే పాము నయమని మా వాడకట్టులో పెద్దలు అనేవారు.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులవి. అఫ్జల్‌గంజ్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ, కార్వాన్‌లో మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. బావకు బర్రెలుండేవి. కావడి భుజాన వేసుకుని ఇంటింటికీ పాలు పోసేవాడు. పాలలో నీళ్లు కలపడం ఆ రోజుల్లో పెద్ద నేరమేమీ కాదు గానీ, కలుపుతాడని బయటపడటం మాత్రం పరువుతక్కువ. అంతకుముందు ఎప్పుడో పక్క వాడలో ఒక పాలాయనకు నారు లేస్తే, ఏ బావి నీళ్లు పోస్తున్నావో కాలే చెబుతోందని గిరాకీలంతా దెప్పిపొడిచి, చివరికి అతను బర్రెలను తోలుకుని ఉప్పుగూడకు మారిపోయాడు. బావ మనసులో అది మేకులా దిగబడిపోయింది.

అందుకే తన చీలమండ దగ్గర బొబ్బ లేచినప్పుడు బావ మా అక్కకూ నాకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. కాలు కదపొద్దని అక్క మొత్తుకున్నా వినక, ఎప్పుడూ మోకాలి పైకి ధోవతి ఎగగట్టే మనిషి పైజామా తొడిగి, నారు చుట్టిన పుల్లను గుడ్డతో కాలికి కట్టుకుని కావడి ఎత్తాడు. పక్కింటి టాంగా ఆయన అది చూసి, "ఏంది భాయ్, నౌషా లెక్క తయారైనవ్, రెండో పెండ్లా?" అని నవ్వితే, బావ కూడా నవ్వి తప్పించుకున్నాడు. ఒక ఇంటి గడప దగ్గర గొంతుకూచుని పాలు కొలిచి లేవబోతుంటే పైజామా అంచుకు పుల్ల తగులుకుంది. నారు తెగింది. మిగిలిన ముక్క లోపలికి జారిపోయింది. ఇంటికొచ్చి, పీడ వదిలిందన్నాడు.

ఆ సాయంత్రానికే చలి పట్టుకుంది. మర్నాటికి పిక్క వాచి కాలు ఎర్రబారి, వాపు తొడదాకా ఎక్కింది. బొంతలు ఎన్ని కప్పినా మంచం కదిలేంత వణుకు, ఆ వెంటనే పెనంలాంటి వేడి. అక్కను గుర్తుపట్టక, బర్రెల పేర్లు పిలుస్తూ తోలడం మొదలుపెట్టాడు. టాంగా ఆయన వచ్చి కాలు చూసి, బావను ఎత్తి బండిలో వేసుకున్నాడు. "ఫికర్ చెయ్యకు బహెన్. నువ్వు బర్రెలను చూస్కో," అన్నాడు అక్కతో. నేను బావ తలను ఒళ్లో పెట్టుకుని కూచున్నాను.

దవాఖానలో డాక్టరు, మనిషిని చంపేది పురుగు కాదనీ, తెగి లోపలికి పోయిన ముక్క వెంట చేరిన క్రిములు మాంసంలో చీము పట్టించి, ఇప్పుడు నెత్తురులో కలిశాయనీ చెప్పాడు. ఒళ్లంతా పాకితే తన చేతిలో ఏమీ లేదన్నాడు. వాపు కోసి చీము తీసి, అప్పుడప్పుడే దొరుకుతున్న సల్ఫా బిళ్లలు మొదలుపెట్టాడు. యుద్ధంవల్ల అవి ఎప్పుడుంటాయో ఎప్పుడుండవో తెలియదు. మా అదృష్టం, ఆ వారం ఉన్నాయి. బిళ్లలతోపాటు నీళ్లు బాగా తాగించాలన్నాడు, కాచి వడగట్టినవి మాత్రమే.

అక్కడ బావ ప్రాణం ఊగిసలాడుతుంటే ఇక్కడ పాలు విరిగిపోతాయని ఊరుకోలేక, అక్క తానే బిందె నెత్తిన పెట్టుకుని తిరిగింది. బావ ఏడని ఎవరడిగినా దాచలేదు, నారు లేచి తెగిందని ఉన్నదున్నట్టు చెప్పింది.

తర్వాత ఒక పొద్దున అక్కతో, టాంగా ఆయనతో కలిసి నేను దవాఖానకు వెళ్లేసరికి బావ నుదుటి మీద చెమట. జ్వరం దిగింది. ఆ చెమటను చేత్తో తుడిచినప్పుడు నాకు కలిగిన తెరిపి మళ్లీ ఏ శుభవార్తకూ కలగలేదు. కళ్లు తెరిచి అతను అడిగిన మొదటి మాట గిరాకీల గురించే. అక్క కొంగుతో కళ్లొత్తుకుంటూనే కసిరింది.

"అందరికి చెప్పిన."

"చెప్పినవా? ఇంక పాలెవలు వోసుకుంటరే?"

"అందరు వోసుకున్నరు. గా గల్లీ చివర దాదీమా నవ్వి ఏమన్నదో తెల్సా? నీ మొగడు నీళ్లు వోస్తడని మాకు ఎరికే బేటీ, గందుకే గదా పాలు మస్తు కాగబెడ్తం అన్నది. తన కాలు మీద నారు మచ్చ గూడ చూపెట్టింది. గీ ముచ్చట దాచనీకి పానం మీదికి తెచ్చుకుంటివి!"

బావ సిగ్గుపడుతూ, "మరి ముందుగాల్నే చెప్పొద్దా ముసల్ది?" అన్నాడు. టాంగా ఆయన నవ్విన నవ్వుకు పక్క మంచాల వాళ్లు లేచి కూచున్నారు.

బావ ఆ తర్వాత చాలా కాలం బతికాడు, కాస్త కుంటుతూ. ధోవతి మళ్లీ మోకాలి పైకే కట్టాడు. అక్క మాత్రం కుళాయి వచ్చాక కూడా, తాను పోయేదాకా నీళ్లు రెండు మడతల గుడ్డలోనే వడగట్టింది.

నారు పోయింది, మంచిదే, మళ్లీ రావొద్దు. ఇప్పుడు మా గడపలో పొద్దున్నే పాల పాకెట్టు పడి ఉంటుంది. తెచ్చేవాడి కాలు నేనెప్పుడూ చూడలేదు, అతను కుంటుతున్నాడో లేదో తెలియదు. ఆ పాలల్లో ఏ బావి నీళ్లున్నాయో చెప్పి నవ్వే దాదీమా ఈ గల్లీలో లేదు.