కళ్లలో నెయ్యి ఉన్నంతసేపు

నా చిన్నప్పుడు నన్ను పనిదొంగ అన్నవాడు మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నేను జరిగింది చెబుతాను.

అప్పుడు మేము సూరత్‌లో, డిండోలి దగ్గర ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆ గది పెద్దబాపుది. తాను మగ్గం నడిపే కార్ఖానాలోనే నాన్నకూ పని ఇప్పించిందీ ఆయనే. అందుకని ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు. బడి నుంచి వచ్చాక నేనూ అమ్మా చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేవాళ్లం. మార్కెట్ నుంచి మూటలు వచ్చేవి. కత్తిరించి, మడతపెట్టి తిరిగి పంపాలి. ఆ ఏడు వానలు తగ్గాక నాకు కళ్లమంటలు మొదలయ్యాయి. చేతిలో ఉన్న దారం మసకగా, ఒక్కోసారి రెండుగా కనిపించేది. నీళ్లు కారేవి. నుదురు పగిలిపోయేది. చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. కొన్నాళ్లకు ఒక చీరకు దారంతోపాటు బట్ట కూడా తెగింది.

పెద్దబాపు ఆ చిరుగులో వేలు దూర్చి అందరికీ చూపించాడు. తర్వాత నన్ను వాకిట్లోకి లాక్కెళ్లి, రైలు పట్టాల అవతలి గోడ మీద రాసిన అక్షరాలు చదవమన్నాడు. గడగడా చదివాను.

"సూసిన్రా? గంత దూరంది కనవడ్తది గని, చేతిలున్న దారం కనవడదట! పనిదొంగ."

మా వరస గదులన్నీ విన్నాయి. ఆ మాటకు జవాబు నాకూ తెలియదు. దూరం కనిపించి దగ్గర కనిపించకపోవడం ముసలివాళ్లకే వస్తుందని మావాళ్ల నమ్మకం. ఆదివారం ఊరికి వెళ్లేవాళ్లతో నన్ను రైలెక్కించి నానమ్మ దగ్గరికి పంపాలని ఆయన తీర్పు చెప్పాడు. అంటే ఇక అమ్మా ఉండదు, బడీ ఉండదు. నాన్న చెప్పులు వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ వెళ్లిపోవడం కూడా నేను మరిచిపోలేదు.

అమ్మ వాదించలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను బా దగ్గరికి తీసుకెళ్లింది. గుజరాతీలో బా అంటే అమ్మ; కళ్లకు ఆయుర్వేదం మందులు చేసే ఆ పెద్దావిడను అందరూ అలాగే పిలిచేవారు. మా మగ్గాలవాళ్లకు వైద్యం చేసీ చేసీ ఆమెకు మా తెలుగు కూడా పట్టుబడింది. నా దొంగతనం కళ్లారా చూద్దామని పెద్దబాపు కూడా వెంట వచ్చాడు.

బా నన్ను వెలుతురు తక్కువగా ఉన్న లోపలి గదిలో వెల్లకిలా పడుకోబెట్టింది. మినపపిండి ముద్దతో రెండు కళ్ల చుట్టూ గట్టు కట్టింది. త్రిఫలతో కాచిన నెయ్యిని వేడినీళ్లలో పెట్టి కరిగించి, వేలితో వేడి చూసుకుని, మూసిన రెప్పల మీద వెంట్రుకలు మునిగేదాకా పోసింది.

"ఇగ మెల్లగ తెరువు బేటా. బిల్కుల్ కదలకు."

తెరిచాను. లోకమంతా పసుపు మసక. కనిపించకపోతే వినిపించదు కూడా అనుకున్నాడేమో, పెద్దబాపు మొదలుపెట్టాడు.

"తినేటందుకు లేదు గని, కండ్లల్ల పోస్తున్నరు నెయ్యి," అని నవ్వాడు. అంతటితో ఆగక అమ్మనే అన్నాడు: "గీ పిల్లను కన్నవు గని, కండ్లు పెట్టుడు మరిచినవా ఏంది?"

అమ్మ ఏడుపు మింగుకోవడం నాకు వినిపించింది. లేచి ఆయన మీద పడాలనిపించింది. లేస్తే గట్టు తెగుతుంది, వైద్యం పాడవుతుంది, ఆదివారం రైలు ఖాయమవుతుంది. అయినా కన్నీళ్లు ఆగేలా లేవు. అప్పుడు బా అరచేయి నా నుదుటి మీద పడింది. చెవి దగ్గరికి వంగి, నాకు మాత్రమే వినబడేలా అంది: "ఇప్పుడు ఏడిస్తే నెయ్యి పోతది, నీ మాట గూడ పోతది. ఆగు. ముందుగాల చూడు, అటెన్క మాట్లాడు."

ఆగాను. అంత కష్టమైన పని నేను మళ్లీ చేయలేదు.

చివరికి బా పిండిగట్టుకు చిన్న గండి పెట్టి నెయ్యిని ఇత్తడి గిన్నెలోకి వంపింది. కళ్లు తుడిచి, గోడకు ఆనించి కూర్చోబెట్టింది. ఆ గిన్నెను పెద్దబాపు చేతికిచ్చి, "భాయ్, పిల్ల రెప్ప వెంట్రుక పడ్డదేమో జర చూడు" అంది. తన నెయ్యిని ఇంకొకరికి చూపించి అడిగే మనిషి కాదామె. ఆ సంగతి నాకు పెద్దయ్యాకే తట్టింది.

ఆయన గుమ్మం వెలుతురులోకి జరిగి గిన్నెను ముఖం దగ్గర పెట్టుకున్నాడు. కొంచెం దూరం జరిపాడు. ఇంకా జరిపాడు. చేయి పూర్తిగా చాచి, తల వెనక్కి వంచి, కళ్లు చికిలించి, "ఏం లేదు" అన్నాడు.

బా గిన్నె తీసుకుని అమ్మకు చూపించింది. నల్లటి వెంట్రుక తేలుతోందని అమ్మ అంది.

తెగిన పోగు కనిపించని మనిషికి ఎవరూ మగ్గం ఇవ్వరు. అది ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. చూడడం అయింది కాబట్టి నేను మాట్లాడాను.

"పెద్దబాపూ, పట్టాల అవతల గోడ మీద రాసింది నీకు కనవడ్తదా?"

"ఎందుకు కనవడది?"

"మరి గిన్నెల వెంట్రుక?"

ఆయన ముఖం గుమ్మం వైపు తిప్పుకున్నాడు.

"నాకు గూడ గంతే. మరి నువ్వు గూడ పనిదొంగవేనా?"

అమ్మ నా నోరు మూయబోయింది. ఆయన చేయి లేచింది. బా కూర్చున్నచోటు నుంచి కదలకుండా, "కొట్టు గని భాయ్, ముందుగాల చెప్పు. మగ్గం మీద తెగిన పోగు నీకెవరు అతుకుతుండ్రు?" అంది.

చేయి మెల్లగా కిందికి దిగింది.

"నెయ్యి మంట తీస్తది. దగ్గరిది కనవడాల్నంటె చష్మా గావాలె. పిల్లకు, నీకు, ఇద్దరికి," అని బా గిన్నె కడుక్కోవడానికి లేచింది.

ఆదివారం రైలు నేను లేకుండానే వెళ్లింది. నాకు సర్కారు దవాఖానాలో అద్దాలు రాసిచ్చారు. మరికొన్నాళ్లు బా చేత నెయ్యి పోయించుకున్నాక మంట కూడా తగ్గింది. పెద్దబాపు ఎవరికీ తెలియకుండా తనకూ ఒక జత తెచ్చుకున్నాడు. పనిదొంగ అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేను అడగకపోలేదు. పండగలకు అడిగాను, నా పెళ్లిలో అడిగాను, ఆయన మంచాన పడ్డప్పుడూ అడిగాను. ప్రతిసారీ నవ్వి, "నీకు గదే యాదికున్నదా?" అనేవాడు. ఉంది.

ఇప్పటికీ ఎవరితోనైనా నాకు తగవు వస్తే, వస్తూనే ఉంటుంది, ముందు కళ్లు ఆరనిస్తాను. ఏడుస్తూ మాట్లాడితే జనం ఓదార్చి పంపేస్తారు. ఆరిన కళ్లతో అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది.