బాలాసోర్ దాకా బంగాళాదుంపల లారీలో

నన్ను రైలు డ్రైవరు పరీక్షకి పంపలేదు. నా దగ్గర బొగ్గు పార పట్టడం నేర్చుకున్న పైడిరాజుని పంపారు. ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, జుట్టంతా నెరిసిన ఇప్పుడూ అంటున్నాను.

అరవైల నడిమి మాట. ఖరగ్‌పూర్‌లో నేను ఆవిరి ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్‌ని. బడి ముఖం చూసినవాణ్ణి కాను. స్టేషన్ బోర్డులు చూసి ఇంగ్లీషూ బెంగాలీ అక్షరాలు కూడబలుక్కున్నాను, పొట్లాల కాగితాల మీద తెలుగు నేర్చుకున్నాను. రూల్ బుక్కు ఏ పేజీ అడిగినా చెప్పగలను. అలాంటివాణ్ణి ఎందుకు పంపలేదని మా షెడ్డు ఫోర్‌మన్ బాబుని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఆయన తల తిప్పుకుని పక్క ఇంజనుకేసి చూశాడు. జవాబైనా ఇవ్వని చోట నలభై దాటిన మనిషి ఎందుకు పడి ఉండాలి? ఉద్యోగం మానేసి లారీ డ్రైవరునవుతానని ఇంట్లో చెప్పేశాను.

మా ఇంటిది సీతమ్మ అరవలేదు. మా నిమ్‌పురా క్వార్టరు గోడ మీద అరచెయ్యి ఆనించి అంది:

"ఈ గోడ రైలోళ్లది. నీ లారీ ఓనరు గోడలిస్తాడేటి? ముందు ఓపాలి ఎల్లి సూసిరా. నచ్చితే రాజీనామా ఇచ్చీ, నానడ్డు రాను."

అదీ ఈ ప్రయాణానికి మూలం.

సుభాష్‌పల్లిలో ఉండే డేవిడ్‌ది లారీ పని. కోస్తా నుంచి వాళ్ల తాతల నాడే వచ్చి స్థిరపడిన క్రిస్టియన్ కుటుంబం. క్లీనరు చెల్లెలి పెళ్లికి పోయాడట, పక్క సీటు ఖాళీగా ఉంది, రమ్మన్నాడు. మా ఊళ్లోనే పూరీ గేట్ దగ్గర పొద్దున్నే ఆరింటికి ఎక్కాను. వెనక బంగాళాదుంపల బస్తాలు, ఒళ్లో సీతమ్మ కట్టిచ్చిన పులిహోర. లారీలో దూరం వెళ్లదలచినవాళ్లు దుప్పటి ఒకటి మడిచి పట్టుకెళ్లండి. ఇంజను మూత తొడ పక్కనే ఉంటుంది, కాలుతుంది. నాకు మాత్రం బొగ్గు పొయ్యి ముందు నిలబడ్డ అలవాటు మీద అది చల్లగానే తోచింది.

ఎనిమిది లోపే బేల్డా చేరాం. మురీ అనే మరమరాలు, ఆలూచాప్ అనే దుంప బజ్జీ, మట్టి ముంతలో టీ. మురీ అమ్మే దీదీకి డేవిడ్ నన్ను కొత్త డ్రైవరని పరిచయం చేశాడు. ఆవిడ నా మీసం కేసి చూసి, ఈ వయసులోనా అంది. వయసు చూడాల్సింది టైర్లకి గాని మనుషులకి కాదని బెంగాలీలోనే చెప్పాను. నవ్వి ఇంకో పిడికెడు మురీ పోసింది. ఈ రోడ్డు బతుకులో ఒక సుఖం అప్పుడే కనిపెట్టాను: ఆకలేసిన చోట ఆపొచ్చు. రైలుకి ఆకలేసినా సిగ్నల్ పడాలి.

దాంతన్ దాటింది, జలేశ్వర్ దాటింది. ఎటు చూసినా వరి చేలు, మధ్యన ఖాళీ రోడ్డు. డేవిడ్ లారీ ఆపి, దిగి, చుట్టూ తిరిగి నా వైపు వచ్చాడు. "జరుగన్నా. ఇప్పుడు నువ్వు సూపించు."

కూర్చున్నాను. కదిలే ముందు రెండు హారన్లు కొట్టాను, మా విజిల్ లెక్క ప్రకారం. గేర్లు డేవిడ్ చెప్పినట్టే వేశాను. బండి చక్కగా పోతోంది, నా ఛాతీ కూడా పొంగింది. ఇంతలో ముందర వంపు కనిపించింది. ఇంజను మీద వంపు వస్తే మా పద్ధతి ఒకటుంది. పొడుగ్గా విజిల్ వెయ్యాలి, తల బయటపెట్టి వెనక్కి చూడాలి, పెట్టెలన్నీ సరిగ్గా వస్తున్నాయా, ఎక్కడైనా పొగ వస్తోందా అని. ఇన్నేళ్లుగా ఒక్క వంపులోనూ నేను మానని పని. మానలేదు. హారను పొడుగ్గా కొట్టి, తల బయటపెట్టి, వెనక్కి తిరిగి బస్తాలన్నీ శుభ్రంగా చూసుకున్నాను. వంపు తిరగడం బండి పని కదా.

మళ్లీ ముందుకి తిరిగేసరికి లారీ వరి చేలో ఉంది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. మెత్తటి బురద, ముందు చక్రాలు కూరుకుని ఆగిపోయింది. కోపం ముందు నాకే వచ్చింది. "నీ రోడ్డు తిరిగినాది. నీ బండెందుకు తిరగలేదు?" అని డేవిడ్‌ని నిలదీశాను.

వాడు తన రెండు చేతులూ ఎత్తి చూపించాడు. "తిప్పాలన్నా. పెబువు మనకి సేతులిచ్చింది ఎందుకనుకున్నావు?"

చేను గలాయన ఒరియా ముసలాయన, రెండు జతల ఎడ్లతో వచ్చాడు. నలిగిన వరికి డేవిడ్ ఒక బస్తా దింపుతానంటే సరేనన్నాడు. బండి బయటికి లాగాక గట్టు మీద కూర్చుని పులిహోర పంచుకున్నాం. నాది రైలు ఉద్యోగమని తెలిసి ముసలాయన స్టీరింగ్ చూపించి, మీ బండికి ఇది ఉండదా అని అడిగాడు. ఉండదన్నాను. మరి నువ్వేం చేస్తావన్నాడు.

ఒళ్లు మండింది. నాకొచ్చిన ఒరియా అంతా పోగేసి చెప్పాను. నిప్పు మూలల్లో మందంగా, నడుమ పలచగా ఎలా పరచాలో, గొట్టంలోంచి పొగ నల్లగా వస్తే ఫైర్‌మన్ పరువు ఎలా పోతుందో, ఎత్తు ఎక్కబోయే ముందు ఎంత దూరం నుంచే ఆవిరి కూడగట్టుకోవాలో. వాన రాత్రి పట్టాల మీద చక్రాలు జారకుండా డ్రైవరు ఇసక వదిలే చప్పుడు ఎలా ఉంటుందో నోటితో చేసి వినిపించాను. ముసలాయన ఎడ్లని మర్చిపోయి విన్నాడు. నేను ఆగాక డేవిడ్ చేతులు కడుక్కుంటూ మెల్లిగా అన్నాడు:

"పొద్దున్నుంచి లారీ గురించి ఇందులో పావొంతైనా అడిగినావేటన్నా?"

అక్కణ్ణించి బాలాసోర్ దాకా పక్క సీట్లోనే కూర్చున్నాను.

దుంపలు దింపాక మధ్యాహ్నం పాసింజరుకి డేవిడే నన్ను స్టేషన్‌కి తెచ్చాడు. నాకు పాస్ ఉంది, టికెట్టు బాధ లేదు. బాధంతా గార్డుతో వచ్చింది. అతను మావాడే, నిమ్‌పురా మనిషి. నేను మంచినీళ్లకి వెళ్లొచ్చేలోగా డేవిడ్ అతనికి అంతా చెప్పేశాడు. స్టేషన్ మాస్టర్లకి రైళ్ల రాకపోకలు చెప్పుకోవడానికి ఫోనుంటుంది. ఆ సాయంత్రం అందులో నా రాక కూడా చెప్పుకున్నారు. ప్రతి స్టేషన్‌లోనూ ఎవరో ఒకరు నా కిటికీ దగ్గరికొచ్చి చేతుల్తో చక్రం తిప్పి చూపించి పోయారు.

నేను మాత్రం కిటికీలోంచి పొగనే చూస్తూ కూర్చున్నాను. నల్లగా, ముద్దలు ముద్దలుగా వస్తోంది. ఎవడో కొత్తవాడు, బొగ్గు గుమ్మరిస్తున్నాడు. నా కుడి చెయ్యి పార పట్టినట్టు దానంతటదే కదిలింది. రోడ్డు మంచిది, రోడ్డు మనుషులు మంచివాళ్లు, ఓపికున్నవాళ్లు ఒకసారి వెళ్లి రండి. నాకు సరిపడేది కాదని తెలిసింది. అయినా అన్యాయం అన్యాయంగానే ఉంది కదా.

దీపాలు పెట్టే వేళకి ఖరగ్‌పూర్ వచ్చింది. ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ ఫోర్‌మన్ బాబు నిలబడి ఉన్నాడు. బెంగాలీ మనిషే గాని, షెడ్డులో మా వాళ్ల మధ్య తిరిగి మా తెలుగే ఆయనకి పట్టుబడింది. సంచీ కింద పెట్టి నాలుగోసారి అడిగాను, నన్నెందుకు పంపలేదని. ఈసారి తల తిప్పుకోలేదు. ఆయన చెప్పింది విన్నాక కూడా చేసింది న్యాయమని నేననను. కానీ ఇన్నాళ్లకి జవాబంటూ ఇచ్చాడు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అరే అప్పారావ్, నిన్ను పంపితే ఏ డ్రైవరూ నన్ను బతకనివ్వడు, అందరికీ నీ నిప్పే కావాల. అందుకే అట్టే పెట్టుకున్నాను, ఠీక్ హై, తప్పే. లారీకి పోతానంటన్నావని తెలిసింది, ఇంక ఆపి లాభమేటి? ఈపాలి పరీక్షకి నీ పేరే పంపినాను. బయపడకు, అందులో స్టీరింగ్ లేదు."