సావు ముల్లె

మా బాపు బస్సు కండక్టరు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ మొహంలో ఒక నవ్వు మెదులుతుంది. చిల్లర మిగుల్చుకున్న మనిషన్నమాట, అనే నవ్వు. అది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి రూటులోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. రోజూ డిపోకు చేరగానే తోలుసంచి బోర్లించి లెక్క అప్పజెప్పాలి. తగ్గితే జీతంలోంచి కట్టుకోవాలి. నడిదారిలో తాడ్వాయి దగ్గరో లింగంపేట దగ్గరో చెకింగువాళ్ళు బస్సు ఆపి, ప్రయాణికులందరి ముందూ ఆయన జేబులు తడిమేవాళ్ళు. "ఏదన్న మరుస్త గని బిడ్డా, ఆ జేబులు తడుముడు మరువ," అనేవాడు.

నేను ఒక్కదాన్నే బిడ్డను. నన్ను ఎల్లారెడ్డికి ఇచ్చారు. అమ్మ పోయాక, ఉద్యోగం అయిపోయాక, మా ఇంటికి రమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాను. "అల్లునింట్ల తిని అరుగు మీద పంటనా? నడువ్," అన్నాడు. పందొమ్మిది వందల ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. కామారెడ్డి పొలిమేరలో, ఎల్లారెడ్డి పోయే రోడ్డు పక్కన, పింఛన్ల మనుషులు కొందరు తలా ఇంత వేసుకుని జాగా కొని వరుస ఇండ్లు కట్టుకున్నారు. ఒక్కొక్కరికి ఒక గది, అందరికీ కలిపి ఒక వంటిల్లు, ముందర పొడుగాటి అరుగు. బాపు అందులో చేరాడు.

ఆ ఇండ్ల ఆలోచన మొదట చేసింది ఒక రిటైరైన బడిపంతులు. అందరూ సార్ అనేవాళ్ళు, నేనూ అంతే. తెల్లటి ధోవతి, మెత్తటి మాట. వంట సరుకులు ఎవరు తేవాలి, వాకిలి ఎవరు ఊడ్వాలి, ఎవరికి జ్వరమొస్తే ఎవరు పక్కన కూర్చోవాలి, అన్నీ అరుగు మీద కూర్చుని వాళ్ళే తేల్చుకునేవాళ్ళు. సార్ పెట్టిన మొదటి కట్టుబాటు ఒకటే: పిల్లలకు మాట లేదు. కొడుకులైనా బిడ్డలైనా రావచ్చు, తినవచ్చు, పోవచ్చు. అరుగు మీద పంచాయితీ నడిచేటప్పుడు మాత్రం నోరు విప్పకూడదు. నాలాంటి నోటిదురుసు మనిషికి అది ఎంత శిక్షో చెప్పలేను.

రెండో కట్టుబాటు సందూకది. సార్ గదిలో ఒక ఇనుప సందూక ఉండేది. అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో చిన్న మూట. వాళ్ళు దాన్ని సావు ముల్లె అనేవాళ్ళు. ఎవరి చావు ఖర్చుకు కావలసిన పైసలు వాళ్ళు బతికుండగానే అందులో కట్టిపెట్టుకోవాలి. కట్టెలకైనా కఫను గుడ్డకైనా ఇంకొకరి ముందు చెయ్యి చాపొద్దు. దవాఖానలో ఆయాగా పనిచేసి వచ్చిన ఆయమ్మది చీర అంచు ముక్కతో కట్టిన ముల్లె. తహసీలు ఆఫీసులో చప్రాసీగా చేసిన చాచాది ఆకుపచ్చ రుమాలు. మా బాపుది పాత ఖాకీ అంగి ముక్క. ఆయమ్మ నాతో ఎన్నిసార్లు అందో! "బిడ్డా, నన్ను సందాలేసి, తలా ఇంత అడుక్కొచ్చి కాల్చొద్దు. గదొక్కటే నా కోరిక. దవాఖానల సందాల పీనుగలను మస్తు జూసిన."

ఏడాదికొకరు సందూక చూసుకోవాలి. ఉగాది వెళ్ళాక తాళంచెవిని తమలపాకులో పెట్టి పాతవాళ్ళు కొత్తవాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళు. కొత్తవాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకునేవాళ్ళు. అంతే. ముల్లెలు విప్పి చూసేది లేదు, లెక్కపెట్టేది లేదు. బతికున్న మనిషి సావు ముల్లె విప్పితే చావును పిలిచినట్టని వాళ్ళ భయం. పైగా తోటివాడి ముందు లెక్కపెడితే వాడిని దొంగన్నట్టే కదా అని మర్యాద. తాళంచెవి కళ్ళకద్దుకున్నారంటే అంతా ముట్టినట్టే, ఆపైన జిమ్మ, అంటే పూచీ, వాళ్ళదే.

అంతకుముందు ఏడాదంతా సందూక చూసిన సార్ ఒక ఉగాదికి దాన్ని మా బాపుకు ఇచ్చాడు. లెక్కపెట్టి తీసుకున్నవా అని నేను అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. "ఏంది బిడ్డా, ఉద్యోగమంత లెక్కనే అయిపాయె. ఈడ నన్ను తడిమెటోడు లేడు, నేను తడిమేది లేదు. గిదే గదా సుఖం," అన్నాడు. తోలుసంచిలో పైసా పైసా ఏరిన మనిషి!

ఆ వానాకాలంలోనే ఆయమ్మ పోయింది. ఆ రోజు నేను జొన్నరొట్టెలు కట్టుకుని బాపును చూడబోయి అక్కడే ఉన్నాను. అరుగు మీద పీనుగ ఉంది. అందరూ చూస్తుండగా బాపు సందూక తెరిచి చీర అంచు ముల్లె తెచ్చి ముడి విప్పాడు. లోపల మడతపెట్టిన పేపరు ముక్కలు.

తర్వాత ఎవరో మిగతావి కూడా విప్పండన్నారు. చావు భయం ఎటుపోయిందో, అందరూ సందూక మీద పడ్డారు. సగానికి సగం ముల్లెల్లో పేపర్లే. సార్ ముల్లెలో కూడా పేపర్లే. చాచా రుమాలు నిండుగా ఉంది. ఖాకీ ముక్క విప్పితే బాపు పైసలు నోటు చెదరకుండా ఉన్నాయి.

"కండక్టరు ముల్లె మంచిగనే ఉన్నదే!" అన్నారెవరో వెనక నుంచి. ఆ ఒక్క మాటతో తీర్పు అయిపోయింది. నాకు ఆగలేదు. "తాళంచెవి మొన్నటిదాక ఎవరి చేతిల ఉండెనో గది అడుగుండ్రి," అని అరిచాను. "పిల్లలకు మాట లేదమ్మా," అన్నాడొక ముసలాయన. సార్ తల దించుకుని కూర్చున్నాడు. బాపు సార్ వైపు చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత, "తాళంచెవి నా చేతిల ఉండె. నా జిమ్మ," అన్నాడు. తన ముల్లెలోని పైసలతోనే ఆయమ్మకు కట్టెలు తెప్పించాడు. సందాల్లేకుండానే కాలింది ఆయమ్మ, అదొక్కటే నయం.

ఆ రోజు నేను అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే చాయ్ పెడుతుంటే సార్ వచ్చి బాపు రెండు చేతులూ పట్టుకుని గొల్లుమన్నాడు. మనుమడిని గల్ఫుకు పంపడానికి తీశాడట. ముందు తన ముల్లే తీశాడు, చాల్లేదు, ఇంకొకరిది, ఇంకొకరిది. బొంబాయి ఏజెంటు ముంచేశాడు. "పెడ్తననుకున్న. ఎవరికి ఏమన్నయితె మొదాలు నేనే ఎట్లనన్న సదురుతననుకున్న. చాచాకు ఎవరు లేరని ఆయనది ముట్టలె. నువ్వు దోస్తువని నీది ముట్టలె."

"గదే నన్ను పట్టిచ్చింది సార్," అని బాపు నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

"అందరి ముందర చెప్పమంటవా?" అన్నాడు సార్.

"చెప్పమంటవా ఏంది? చెప్పాలె!" అన్నాను నేను.

"నువ్వు నోరు మూస్కో," అన్నాడు బాపు. సార్ పోయాక నన్ను కూర్చోబెట్టాడు. "జూసినవా, నిన్న సావుకు వచ్చిన ఈళ్ళ కొడుకులు ఎట్ల నవ్విండ్రో? ముసలోళ్ళ రాజ్యం ముణిగింది అంటుండ్రు. రోడ్డు పక్క జాగ, ధర వెరిగింది, అమ్ముకునేతందుకు కాసుకోని ఉన్నరు. సార్ దొంగ అని బయటవడితె ఈ ఇండ్లు నిలువయి బిడ్డా. ఆయన మీదనే నిలవడ్డయి. అదే కండక్టరు దొంగ అంటె ఎవరికి ఇచ్చంత్రం? లోకమంత గట్లనే అంటది." ఆ మాట ఆయన కోపంగా కూడా అనలేదు. నా చెయ్యి లాగి తన చేతిలో వేసుకుని ఒట్టు తీసుకున్నాడు, నా నోట ఈ సంగతి రాకూడదని.

ఆ తర్వాత కట్టుబాటు మారింది. నెలకోసారి అరుగు మీద అందరి ముల్లెలూ విప్పి, బయటికి చదివి, లెక్కపెట్టాలి. విప్పితే చావొస్తుందన్న భయం ఒక్క నెలలో పోయింది. అదేదో ముందే పోయి ఉండకూడదా! ఇక సందూక ఎవరికి ఇచ్చారనుకున్నారు? సార్‌కే. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు అని ఊరికే అనలేదు పెద్దలు. లెక్క రోజున బాపు అరుగు చివర కూర్చుని, రెండు అరచేతులూ పైకి కనిపించేలా మోకాళ్ళ మీద పెట్టుకునేవాడు. అంగీల జేబుల నోళ్ళు మూసి కుట్టేసుకున్నాడు. ఏం బాపు ఇది అంటే, "జేబుల పెట్టేటియి ఏమున్నయి?" అన్నాడు. ఆయన గదిలోకి చాయ్ తాగడానికి వచ్చేవాడు చాచా ఒక్కడే.

పోయిన పైసలు తానే కడతానని సార్ బాపుతో చాటుగా అన్నాడు. మనుమడు అప్పులతో తిరిగి వచ్చాడు, ఆ కట్టడం ఎన్నడూ జరగలేదు. బాపే కట్టాడు. పాలు మానేశాడు, బీడీ మానేశాడు, ఎల్లారెడ్డికి రావడం మానేశాడు. నేను పైసలు ఇస్తే విసిరి కొట్టాడు. ఏళ్ళ తరబడి పింఛనులోంచి చిటికెడు చిటికెడు తీసి ఒక్కో ముల్లె నింపాడు. సార్ ముల్లె కూడా నింపాడు. ఖాకీ ముక్క ఆఖరికి పెట్టుకున్నాడు. అది సగమైనా నిండకుండానే ఒక ఎండాకాలం పొద్దున మంచంలోనే పోయాడు.

నేను ఎల్లారెడ్డి నుంచి వచ్చేసరికి అరుగు మీద పడుకోబెట్టారు. సార్ ఖాకీ ముల్లె విప్పి బయటికి లెక్కపెట్టాడు. కట్టెలకు చాలదు. అప్పుడు సార్ లోపలికి పోయి తన ముల్లె తెచ్చి బాపు కాళ్ళ దగ్గర విప్పాడు. చూసిన వాళ్ళంతా చేతులు జోడించారు. "సార్ దేవుడు. దొంగకు గూడ కట్టెలు వెడ్తుండు," అన్నారు. ఆ మాట నా చెవుల్లో సీసం పోసినట్టయింది. బాపు మొహం చూశాను. ఒట్టు ఒట్టే. సార్ దగ్గరికి పోయి, ఆ ముల్లె తిరిగి ముడివేసి ఆయన చేతిలో పెట్టాను.

"మీ ముల్లె మీరే ఉంచుకోండ్రి సార్. మా బాపు మిమ్ములను ఏమి అడుగలె. నేను గూడ అడుగ," అన్నాను.

ఈసారి పిల్లలకు మాట లేదని ఎవరూ అనలేదు. సార్ అక్కడే బాపు కాళ్ళ దగ్గర కూలబడి, తల నేలకు కొట్టుకుంటూ, మొత్తం చెప్పేశాడు. మనుమడు, బొంబాయి ఏజెంటు, పేపరు ముక్కలు, అన్నీ. చివరికి చాచా లేచి సార్ చేతిలోంచి ముల్లె తీసుకున్నాడు. "ఇవి కండక్టర్ భాయ్ నింపిన పైసలే. తీస్కో బిడ్డా, ఆయన పైసలతోనే ఆయనను సాగదోలుదాం," అన్నాడు. అలా మా బాపు తన సొంత పైసలతోనే కాలాడు. నాకు ఏడుపుతోపాటు ఎంత గర్వమేసిందో!

ఆ గర్వం ఎన్నాళ్ళో నిలవలేదు. బాపు చెప్పినట్టే అయింది. సంగతి బజారుకెక్కగానే కొడుకులు ఒక్కొక్కరే ముసలివాళ్ళను తీసుకుపోవడానికి ఆటోలు తెచ్చారు. "మీకు మీరే ఏలుకున్నరు, సాలు తియ్యిండ్రి," అన్నారు. సార్‌ను ఎవరో బంధువులు సదాశివనగర్ తీసుకుపోయారు, ఆయన మళ్ళీ ఎవరికీ మొహం చూపించలేదట. జాగా అమ్ముడుపోయి మక్కజొన్నల గోదాము లేచింది.

ఎవరూ లేరనుకున్న చాచాకు కూడా గాంధారిలో ఒక కొడుకు బయటపడ్డాడు, జాగా పైసల్లో వాటా కోసం. కామారెడ్డి బస్టాండులో చాచా నాకు ఎదురుపడ్డాడు. ఆకుపచ్చ రుమాలు ముల్లె నా చేతిలో పెట్టాడు. "ఇది వాని ఇంట్ల ఉంటె ఉండది. నీ దగ్గర వెట్టు. నువ్వు కండక్టరు బిడ్డవు," అన్నాడు.

నేను కళ్ళకద్దుకోబోయాను. చాచా నా చెయ్యి ఆపాడు.

"లెక్కవెట్టి తీస్కో."

బెంచీ మీద కూర్చుని ముడి విప్పి, ఒక్కో నోటూ బయటికి చదువుతూ లెక్కపెట్టాను. చాచా వేలితో వెంబడిస్తూ విన్నాడు. సరిపోయిందా అన్నాడు. సరిపోయింది అన్నాను. గాంధారి బస్సు రాగానే ఎక్కి పోయాడు.

ఆ చలికాలం, మా ఊరి మీదుగా తిరిగే ఒక కండక్టరు చాచా పోయాడని కబురు చెప్పాడు. ముల్లె కొంగున కట్టుకుని దొరికిన బస్సెక్కి గాంధారి పోయాను. అప్పటికే మట్టి ఇచ్చేసి జనం తిరిగి వస్తున్నారు. కొడుకు గడపలో కూర్చున్నాడు. ఖర్చులు ఎట్లా వెళ్ళాయని అడిగాను.

"మజీదు కాడ సందాలేసిండ్రు అక్కా," అన్నాడు.

ముల్లె నా కొంగునే ఉంది. నోటు చెదరలేదు, లెక్క సరిగ్గానే ఉంది.