కరెంటు పోతే వచ్చే నీళ్ళు

పొట్టకూటికి వలసొచ్చిన క్యాంప్ 2 బస్తీలో, మా గల్లీ నిండా తలో రాష్ట్రం వాళ్ళం. దేవుళ్ళు వేరు, కూరలు వేరు, తిట్లు మాత్రం అందరివీ హిందీయే. అందరం ఒప్పుకునే నీతి ఒక్కటుంది: కుళాయి గొట్టానికి మోటారు బిగించడం పాపం. ఆ పాపం ప్రతి ఇంట్లోనూ గోనెసంచి కప్పుకుని కూర్చుంటుంది. మా ఇంట్లోనూ ఉంది, కాకపోతే మాది చిన్నది.

గల్లీ చివరింటి అక్కకు మాత్రం మోటారు లేదు. మేమంతా లాగేసుకోగా మిగిలిన నీళ్ళు ఆమె కుళాయిలో దారంలా వచ్చేవి. అవి తాగడానికే చాలవు, ఇక మంచంలో ఉన్న అత్తగారికి స్నానం ఎక్కడ? అందరినీ బతిమాలి, సరిగ్గా నీళ్ళొచ్చే వేళకు తన వరండాలోనే మీటింగు పెట్టించింది. మేం ఇళ్ళల్లో స్విచ్చులు వేసి మరీ వెళ్ళాం.

రిటైరైన బాబాయి ఒకాయన ముందుగా లేచాడు. "మోటారెట్టినోడి కొంప ములిగిపోవాల!" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

పక్కింటి భయ్యా తత్వంలోకి దిగాడు. "దేఖో, అందరి ధర్మం ఒకటి కాకపోతే భరోసా ఎట్టా వస్తాది?"

మాకు భరోసా లేకేం? పక్కవాడు మోటారు ఆపడని గట్టి భరోసా. ఎవరి దేవుడి మీద వాళ్ళు ఒట్లు వేశారు. ప్రతి ఇంట్లోంచీ జుయ్యిమని చప్పుడు వస్తూనే ఉంది. దాన్ని వినకపోవడం మా గల్లీ మర్యాద.

ఇంతలో కరెంటు పోయింది. ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. అక్క కుళాయి రెండుసార్లు దగ్గి, బిందె మోగేలా ధార కట్టింది. బాబాయి చూరు వంక చూస్తూ ఉండిపోయాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్క బిందెలు, బకెట్లు, ఆఖరికి పప్పుగిన్నె కూడా నింపుకుంది.

కరెంటు వచ్చింది. ధార మళ్ళీ దారమైంది. అయినా మోటారు ఆపడానికి ఎవరూ లేవలేదు, లేచినవాడు దొరికిపోతాడు కదా!

చివరికి బాబాయే గొంతు సవరించుకున్నాడు. "ఈ కరెంటు కోతలేటి, ఎప్పుడూ ఇదే గోల! అర్జీ ఎట్టేద్దాం."

హమ్మయ్య అనుకున్నాం. మా గల్లీలో అంత ఐకమత్యం నేనెన్నడూ చూడలేదు. భయ్యా కాగితం తెచ్చాడు, అందరం సంతకాలు పెట్టాం. కాగితం అక్క దగ్గరికి వెళ్ళింది.

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. పెన్ను మాత్రం అందుకోలేదు.

"నాను సంతకం ఎట్టను బాబూ. కరెంటు పోతేనే కదా మా అత్తకి తానం."