సొంత మైదానానికి నాలుగు పాయింట్లు

వర్జిల్ కొస్కెలాకు లోకంలో ఒక్కటే పిచ్చి: సొంత మైదానం. ఎవడి గడప వాడికి కోట, కోటలో ఉన్నవాడికి నాలుగు పాయింట్లు ఎక్కువ రావాలి, రాకపోతే అది ఆటే కాదు అంటాడు.

చిక్కేమిటంటే, ఆయన నడిపే లీగులో అసలు మైదానమే లేదు. ఒహాయోలో, ఏరీ సరస్సు ఒడ్డునున్న ఆ ఊళ్లో ఎనిమిది మంది కలిసి ఆడుకునే ఫాంటసీ ఫుట్‌బాల్ అది. ఆగస్టులో తలా పదిమంది అసలు ఆటగాళ్లను పేర్ల మీద పంచుకుంటారు. ఆదివారం ఆ ఆటగాళ్లు ఎక్కడో పరిగెత్తి, పడి, లేచి సాధించిందంతా ఇక్కడ వీళ్లకు పాయింట్లవుతుంది. వారానికో ప్రత్యర్థి. ఆటగాడు డెన్వర్‌లో పరిగెడుతుంటే ఇక్కడ సోఫాలో కూర్చున్నవాడికి సొంత మైదానం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఈ ప్రశ్న వేసిన ప్రతివాడికీ వర్జిల్ ఒకటే జవాబు చెప్పేవాడు.

"సోఫా ఎవరిది?"

ముప్ఫై ఐదేళ్లు బడిలో వడ్రంగం నేర్పి రిటైరైన మనిషి కాబట్టి ఊరంతా ఆయన్ను మాస్టారనే పిలిచేది. మిగతా లీగుల నిబంధనలు పోస్టుకార్డు మీద పట్టేస్తాయి. మాస్టారివి మాత్రం నీలం అట్ట వేసిన పంతొమ్మిది పేజీల పుస్తకం. వంతు ఎవరిదైతే వాళ్లింటికి ప్రత్యర్థి ఆదివారం స్వయంగా వెళ్లి టీవీలో ఆట చూడాలి. వెళ్లకపోతే పది పాయింట్లు గోవిందా. జ్వరమంటే థర్మామీటరు చూపించాలి.

మూడో అంతస్తులో ఉండే డెల్బర్ట్‌కు ఇంకో అర పాయింటు ఎక్కువ ఉండేది. వచ్చినవాడు మెట్లెక్కేసరికి ఆయాసపడతాడు కాబట్టి అది 'ఎత్తు మైదాన'మట. ఆ భవనానికి లిఫ్టు రాగానే మాస్టారు ఆ అర పాయింటూ కోసేశారు.

"లిఫ్టెక్కితే నాకు కళ్లు తిరుగుతాయి మాస్టారూ! నేనింకా మెట్లే ఎక్కుతున్నా!" అని డెల్బర్ట్ మొత్తుకున్నాడు.

"నువ్వు ఇంటివాడివి. ఆయాసపడాల్సింది వచ్చినవాడు."

ఈ లీగులోకి జూలైలో రోండా పెక్ వచ్చి పడింది. పోస్టాఫీసులో బదిలీ మీద ఊరికి వచ్చిన మనిషి. లెక్కంటే లెక్కే అనే రకం. పుస్తకం చదువుతూ ఏడో నిబంధన దగ్గర ఆగిపోయింది.

"మాస్టారూ, ప్రత్యర్థి ఇంటికి సూపు మాత్రమే పట్టుకెళ్లాలా?"

"అవును. ఇంకేం తెచ్చినా రెండు పాయింట్లు కోత."

"ఎందుకని?"

"నమిలే చప్పుడు ఇంటివాడి ఏకాగ్రత చెడగొడుతుంది."

"మరి ఎనిమిదోది? ఆట జరుగుతుంటే ఎవరూ మాట్లాడకూడదు, సంతోషమొస్తే గిన్నె మీద గరిటెతో కొట్టాలి. ఇదేం చోద్యం?"

"స్టేడియంలో జనం గోల ఉండదూ? ఇదీ అంతే" అన్నారు మాస్టారు, ఇంతకన్నా తేలికైన సంగతి లేదన్నట్టు.

మొదటి వారమే రోండా డెల్బర్ట్ ఇంట్లో ఓడింది. ఆమెకు తొంభై ఆరున్నర, అతనికి తొంభై నాలుగు. మైదానం తాలూకు నాలుగు కలిపితే అతను ఒకటిన్నరతో గెలిచాడు. పైగా ఆమె వండుకెళ్లిన బఠానీ సూపు రెండోసారి పోసుకుని తాగాడు. ఒళ్లు మండి, ఆ రాత్రికి నిద్ర మానేసి మొత్తం సీజను పట్టికను కూలంకషంగా చదివింది.

సోమవారం బౌలింగ్ హాల్లో, లీగంతా ఎప్పుడూ తిండికి చేరే బల్ల దగ్గర అందరి ముందూ పట్టిక పరిచింది.

"ఈ క్లారెన్స్ టఫ్ట్ ఎవరో గానీ, పద్నాలుగు వారాలూ ఆయన సొంత మైదానమేనా?"

"చీట్లు వేశాం" అన్నారు మాస్టారు.

"పద్నాలుగు సార్లూ ఆయనకే వచ్చిందా?"

"అదృష్టజాతకుడు."

అందరూ ఎవరి ప్లేటులోకి వాళ్లు చూసుకున్నారు. డెల్బర్టయితే పక్కవాడి ప్లేటులోకి చూస్తూ ఓ బంగాళాదుంప ముక్క నోట్లో వేసుకున్నాడు.

"మిమ్మల్ని దొంగ అనను మాస్టారూ. కానీ ఈ చీట్లు దొంగవి. సొంత మైదానం నిబంధన ఎత్తెయ్యాలని తీర్మానం పెడుతున్నా."

మాస్టారి మొహం పాలిపోయింది. ఒక్కరు అడిగినా ఓటు పెట్టాలని రాసింది ఆయనే మరి. మెల్లగా అన్నారు: "ఈ ఆదివారం నీ ఆట క్లారెన్స్ ఇంట్లో. ఆడి రా అమ్మాయ్. వచ్చే సోమవారం ఓటు."

రోండా పంతానికి పోయి ఓ బుట్టెడు వేయించిన కోడిరెక్కలు పట్టుకెళ్లింది. తలుపు తీసినవాడు ఆరడుగుల పెద్దమనిషి. మెడ ముందు తెల్లని గుడ్డ కట్టి ఉంది. ఆమె పలకరిస్తే నవ్వి, చేతిలో పలక మీద రాసి చూపించాడు.

"గొంతు డాక్టర్లు తీసుకున్నారు. మిగతాదంతా ఇంకా నాదే."

గోడ మీద మైకు పట్టుకున్న ఆయన ఫోటో ఉంది. రోండా బుట్టను వెనక్కి దాచబోయింది. బుట్టెడు సరుకు దాస్తే దాగుతుందా? క్లారెన్స్ వంగి బుట్టలోకి తొంగి చూశాడు. తరవాత నిర్దాక్షిణ్యంగా రాశాడు: "ఏడో నిబంధన. రెండు పాయింట్లు కోత."

లోపలికెళ్లి రెండు గిన్నెల్లో టమాటా సూపు పోసుకొచ్చాడు. ఆయనకు అలాంటివే మింగుడుపడతాయని రోండాకు అప్పటికి అర్థమైంది. ఆట మొదలైంది. మూడు గంటలు ఇద్దరూ మాట్లాడలేదు. ఆయన ఆటగాడు బంతితో గీత దాటితే ఆయన, ఆమె ఆటగాడు దాటితే ఆమె, గిన్నెలు సొట్టలు పడేలా వాయించారు. పక్కింటి కుక్క కూడా గొంతు కలిపింది. ఆ ఇంట్లో ఒకరికి మాట లేదన్న సంగతే చాలాసేపు ఆమెకు గుర్తు రాలేదు.

విరామంలో ఆయన పలక మీద రాస్తూ, తుడుస్తూ చెప్పుకొచ్చాడు.

"బడి మ్యాచులకు ఇరవై ఎనిమిదేళ్లు నేనే వ్యాఖ్యాతను. గొంతు పోయాక ఏడు నెలలు ఎవరికీ తలుపు తియ్యలేదు. జాలి మొహాలు చూడలేక. ఒకరోజు వర్జిల్ తలుపు కింద నుంచి ఓ కాగితం తోశాడు. కొత్త నిబంధన. వచ్చిన ప్రత్యర్థిని లోపలికి రానివ్వకపోతే ఇంటివాడికి పది పాయింట్లు పోతాయట. అప్పుడు నేను మొదటి స్థానంలో ఉన్నా. తియ్యక చస్తానా?"

"అయితే ఇవన్నీ మీ కోసమేనా?"

"నాకు తెలుసని వాడికి తెలీదు. చెప్పకు. ఉత్త ఆట నిబంధనలే అని నన్ను నమ్మించడానికి పంతొమ్మిది పేజీలు రాశాడు పాపం."

ఆ ఆదివారం రోండా సరిగ్గా ఆరు పాయింట్ల తేడాతో ఓడింది. నాలుగు మైదానానివి, రెండు కోడిరెక్కలవి.

సోమవారం బౌలింగ్ హాలు గుమ్మంలోనే డెల్బర్ట్‌ను పట్టుకుంది.

"ముందే ఒక్కముక్క చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వూ జాలి మొహం వేసుకునే వెళ్లేదానివి" అన్నాడతను.

లోపల మాస్టారు ఓటుచీటీలు కత్తిరించి పెట్టుకుని, గడ్డం కూడా గీసుకోకుండా కూర్చున్నారు.

"నీ తీర్మానం చదువమ్మా."

"వెనక్కి తీసుకుంటున్నా మాస్టారూ."

"కారణం రాయాలి."

"సూపు బాగుందని రాయండి."

మాస్టారు ఆమె మొహంలోకి ఓసారి చూసి, అలాగే రాసుకున్నారు. చీటీలన్నీ జేబులో కుక్కుకున్నారు.

"ఇంకొక్క సంగతి. వచ్చే ఆదివారం మళ్లీ నేనే క్లారెన్స్ ఇంటికి వెళ్తా. డెల్బర్ట్‌ను తన వంతు నాకిమ్మనండి."

"అదేం కుదరదు!" డెల్బర్ట్ నిండు నోటితో లేచాడు. "సూపు కోసం గుమ్మడికాయ కొనేశా!"

"నువ్వు పోయిన సీజన్లో రెండుసార్లు వెళ్లొచ్చావుగా? ఈసారి నన్ను పంపండి" అంది అవతలి చివర నుంచి ఇంకో గొంతు. బల్లంతా ఒక్కసారి లేచింది.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు.

"వంతులు మార్చుకోవడం గురించి ఎక్కడా రాయలేదే" అని గొణిగి, ఇరవయ్యో పేజీకి తెల్లకాగితం కుట్టడానికి సూదీ దారం అడిగారు.