రెండోవాడు కాదనాలి

మా ఇంగ్లీషు మాస్టారు మొన్న మంగళవారం మా దీవిలోని బెల్ ఎయిర్ ఊళ్లో మలేరియాతో పోయారు. వార్త నిజమే. ఆయనే ఉంటే, "ఆలే, కానివ్వండి, ఎవరు కాదంటారు?" అని దాన్నీ మాకు పాఠంగా పెట్టేవారు.

ఆదివారం పొద్దున ఆయన వరండాలో ముగ్గురం కూర్చునేవాళ్లం: దర్జీ, బండివాడి కొడుకు, నేను. ఓడలో వచ్చిన ఓ పాత ఇంగ్లీషు పుస్తకంలోంచి ఆయన ప్రశ్నలు చదివేవారు. ఒంటె నీళ్లు లేకుండా ఎన్నాళ్లుంటుంది? తిమింగలం నిద్రపోతుందా? మాలో ఒంటె మొహం చూసినవాడు లేడు. అదే మేలనేవారు మాస్టారు. "చూసుంటే నిజం చెప్పేసి కూర్చుంటారు!"

నియమం ఒకటే. మొదటివాడు జవాబు చెప్పాలి. రెండోవాడు, ఆ జవాబు సరైనదని తెలిసినా, మర్యాదగా కాదనాలి. మూడోవాడు ఇద్దర్నీ సమర్థించాలి. సంభాషణంటే అదేనట. బాగా కాదన్నవాడికి ఆయన చూపుడువేలు ఎత్తేవారు, మాకదే పతకం.

"తెలిసి నోరు మూసుకున్నవాడికంటే తెలియక వాదించేవాడికి భాష ముందొస్తుందిరా" అనేవారు. నోరు మూసుకున్నవాణ్ణి ఎండలో నిలబెట్టేవారు. దర్జీ ఓసారి రెండు గంటలు నిలబడ్డాడు. ఒంటె సంగతి అతనికి ఆరోజు క్షుణ్ణంగా బోధపడింది.

నేను పోర్ట్ లూయీలో కాలేజీ దాకా వెళ్లానంటే ఆ వాదన చలవే. ఎప్పటికీ కృతజ్ఞుణ్ణి.

సోమవారం జ్వరంలో మాస్టారికి మాట పడిపోయింది. మాస్టారి భార్య, అమ్మగారు, వంటింట్లో నీళ్లు కాస్తున్నారు. మంచం దగ్గర మేం ముగ్గురమే. ఇంగ్లండు నుంచి కొత్తగా దిగిన డాక్టరు వచ్చాడు. మా దీవి భాష క్రియోల్ ఒక్క ముక్క రాదు. మందు సీసా తెరుస్తూ, పొద్దుట్నుంచి క్వినైన్ ఎన్నిసార్లు ఇచ్చారని ఇంగ్లీషులో అడిగాడు.

"ఒక్కసారి, సర్" అన్నాడు దర్జీ. అది నిజం. నేనూ చూశాను.

"ఐ బెగ్ టు డిఫర్, సర్. నాలుగుసార్లు" అన్నాను. మాట దానంతటదే వచ్చేసింది. ఉచ్చారణ మాత్రం దివ్యంగా ఉంది.

"ఇద్దరి మాటలోనూ సత్యం ఉంది, సర్" అన్నాడు బండివాడి కొడుకు.

నాలుగుసార్లు పడి ఉంటే ఇంకో మోతాదు ప్రమాదమని డాక్టరు సీసాకు బిరడా బిగించాడు. నేను వీధిలోకి వెంటపడ్డాను. "కాదు సర్, ఒక్కసారే!"

"ఇప్పుడు మిమ్మల్ని మీరే కాదంటున్నారా?" అని, రేపొస్తానని గుర్రబ్బండి ఎక్కాడు.

లోపలికొచ్చేసరికి అమ్మగారు వేడినీళ్ల గిన్నెతో నిలబడి ఉన్నారు.

"దొక్తేర్ ఏమడిగాడురా?"

"క్వినైన్ ఎన్నిసార్లు ఇచ్చారని."

"చెప్పారా?"

"అందరం చెప్పాం, అమ్మగారూ."

మాస్టారు నావైపే చూస్తున్నారు. దుప్పటి కింద ఏదో కదిలింది. చూపుడువేలు మెల్లగా బయటికొచ్చి, పైకి లేచింది. దించే ఓపిక లేదు కాబోలు, చాలాసేపు అలాగే ఉండిపోయింది.