బతిమాలే వరుస

తడి అరిటాకు మీద వేడి అన్నం పడగానే ఒక వాసన లేస్తుంది. ఆకు పచ్చివాసన సగం పోయి, అన్నం ఆవిరి సగం కలిసి, రెండింటికీ మధ్య నిలిచే వాసన అది. కొవ్వూరులో మా హోటలు మేడ మీద గదిలో కూర్చుంటే పదకొండున్నరకి మెట్లెక్కి పైకి వస్తుంది. ఈరోజు అది వచ్చిన సమయానికే ఫోను కూడా మోగింది. నిన్న మధ్యాహ్నం తిని వెళ్ళిన ఒకాయన, చారు చల్లగా ఉందని రాసి ఒక్క స్టార్ ఇచ్చారు. జవాబు రాయబోయి ఆగాను. నేనింకా భోజనం చెయ్యలేదు. రత్నమ్మగారు పోయి రెండేళ్ళయింది గానీ, ఖాళీ కడుపుతో నేను ఇప్పటికీ ఏ ఫిర్యాదుకీ జవాబు రాయను.

ఆవిడను చూడనివారికి ముందు రూపం చెప్పాలి. నా భుజం దాకా వచ్చే మనిషి. ముదురు రంగు నేత చీర, ముక్కుకి రెండు వైపులా పుడకలు, నడుముకి దోపిన తువ్వాలు. వర్తకుల కుటుంబం. భర్త పోయాక పచారీ కొట్టు మూసేసి అదే చోట భోజన హోటలు పెట్టారు. మంచి కందిపప్పు ఏరి అమ్మితే, దాన్ని ఎవరు ఎలా వండి పాడుచేస్తున్నారో తెలియక మనసు పీకేదట. తనే వండిపెడితే ఆ బెంగ ఉండదని అనేవారు. నలభై ఆకులు పట్టే హాలు. రేవులో స్నానాలు చేసి వచ్చేవాళ్ళు, వంతెన దాటి రాజమండ్రి నుంచి పనిగట్టుకుని వచ్చేవాళ్ళు ఆ నలభై ఆకుల కోసం బయట బల్లల మీద కాచుకునేవారు.

నా సంగతి కూడా చెప్పక తప్పదు. పెద్దాపురం వైపు ఒకప్పుడు మా వాళ్ళు వీధిలోకి వస్తే జనం లేచి నిలబడేవారు. భూములన్నీ మా తాతగారి కాలంలోనే వ్యాజ్యాల్లో పోయాయి. నాకు దక్కినవి ఇంటిపేరు, నిటారుగా నడిచే అలవాటు, రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకోవాలన్న పట్టుదల. ముప్పై రెండేళ్ళ వయసులో ఉద్యోగం అడగడానికి ఆవిడ ముందుకు వెళ్ళినప్పుడు కూడా, ఆవిడ అడిగినదాకా నేను ఉద్యోగం మాట ఎత్తలేదు.

"మీ తాతగారి పేరు విన్నానండి రాజుగారూ," అన్నారు ఆవిడ. "మీరేం చెయ్యగలరు?"

తెలుగూ ఇంగ్లీషూ తప్పుల్లేకుండా రాయగలనని చెప్పాను.

"అయితే మంచిదే. ఈ ఫోన్లో జనం మనల్ని తిడుతున్నారటండి. నాకేమో చిన్న అక్షరాలు కనపడవు. తిట్లు చదివి వినిపించి, జవాబులు రాసిపెట్టండి."

ఆ హోటల్లో ఒక పద్ధతి ఉండేది. ఇప్పుడూ ఉంది. పొద్దున్నే, కూరలు తరగడం మొదలుపెట్టక ముందు, వండేవాళ్ళూ వడ్డించేవాళ్ళూ కాఫీ గ్లాసులు పట్టుకుని వంటింటి గట్టు దగ్గర కూర్చుంటారు. ముందురోజు వచ్చిన ఫిర్యాదులు పైకి చదవాలి. పొగడ్తలు చదవకూడదు. అవి మీరు మనసులో చదువుకోండి అన్నారు ఆవిడ. ఎవరి వంటకి మాట వచ్చిందో వాళ్ళని ఎవరూ ఏమీ అనరు. ఆ పూట ఆ వంటకం వండగానే మొదటి ముద్ద ఆవిడే తినేవారు, పక్కన నన్నూ కూర్చోబెట్టి తినిపించేవారు. నాలుకకి తేలాకే జవాబు.

మొదటి వారంలోనే ఒకావిడ పప్పులో ఉప్పు లేదని రాశారు. ఆ మాట చూసి నాకు ఒళ్ళు మండింది. భోజనం వేళ దాకా ఆగకుండా పేజీన్నర జవాబు రాశాను. అందులో అతిథి ధర్మం ఉంది, కందిపప్పు గొప్పతనం ఉంది, రుచి ఎరిగిన నాలుకలు ఈ రోజుల్లో అరుదని చివర ఒక చురక కూడా ఉంది. మర్నాడు పొద్దున్న చదివి వినిపిస్తుంటే, వంట చేసే సత్యవతి నవ్వాపుకోలేక కాఫీ చీర మీద ఒలకబోసుకుంది. రత్నమ్మగారు మాత్రం చివరిదాకా శ్రద్ధగా విన్నారు.

"చాలా బాగా రాశారండి. ఇందులో పప్పెక్కడుంది?"

పప్పు లేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరం పప్పన్నం తిన్నాం. ఉప్పు తక్కువే. జవాబు ఆవిడే చెప్పారు, నేను రాశాను: నిజమేనండి, ఉప్పు తగ్గింది, ఇవాళ సరిచేశాం. నాకది జవాబులా అనిపించలేదు. మా ఇంట్లో ఎవరూ అంత తేలిగ్గా తప్పు ఒప్పుకోవడం నేను చూడలేదు. ఆవిడ చెప్పినట్టు రాస్తూ వచ్చాను గానీ, నెలలు గడిచినా లోపల మాత్రం ఒప్పుకోలేదు.

ఆషాఢానికి ముందు ఒకరోజు ఆవిడ మొక్కు తీర్చుకోవడానికి, మూడు రోజులుండి వస్తానని అన్నవరం వెళ్ళారు. ఆ రోజే వచ్చింది అసలైన ఫిర్యాదు. ఉద్యోగం పని మీద దూరపు ఊరి నుంచి వచ్చిన ఒకాయన రాశారు. బూరె వద్దని మూడుసార్లు చెప్పాను, వేశారు, పైగా దానికి చిల్లుపెట్టి నెయ్యి పోశారు, నాకు షుగరు, తినలేక ఆకులో వదిలేస్తే వడ్డించే పెద్దాయన అన్నం పారెయ్యకూడదండి అని నాకే నీతి చెప్పాడు, ఇది హోటలా, అత్తవారిల్లా అని. బూరె మిగిలిన ఆకు ఫొటో కూడా పెట్టారు.

ఆ పెద్దాయన మా సూర్యారావు. ముప్పై ఏళ్ళుగా అక్కడే వడ్డిస్తున్నాడు. వద్దు అనే మాట అతని దృష్టిలో భోజనంలో ఒక భాగం. మొదటిసారి వద్దంటే మొహమాటం, రెండోసారి వద్దంటే మర్యాద, మూడోసారి వద్దంటే ఇక వెయ్యొచ్చని అర్థం. మా వైపు పుట్టి పెరిగిన వాళ్ళెవరికీ ఇందులో తప్పు కనపడదు. నాకూ కనపడలేదు. గోదావరి జిల్లాల్లో బతిమాలి పెట్టడమే గౌరవమని, ఆ గౌరవం అలవాటు లేనివారు పొట్లం కట్టించుకుని వెళ్ళవచ్చని జవాబు రాసి పంపేశాను. ఆ రోజు పొద్దుట్నుంచీ నేనేమీ తినలేదు. అయినా కడుపు నిండినట్టే ఉంది.

రెండు రోజుల్లో నా జవాబు ఊళ్ళోవాళ్ళ ఫోన్లన్నింట్లోనూ తిరిగింది. షుగరున్న మనిషికి బూరె తినిపించి, పైగా ఆయనకే మర్యాద లేదన్నారట అని చెప్పుకున్నారు. కొవ్వూరు ఎక్కడుందో తెలియనివాళ్ళు కూడా వచ్చి ఒక్కో స్టార్ పడేసి వెళ్ళారు. మూడో రోజు భీమవరం నుంచి ఫోను వచ్చింది. రొయ్యల చెరువులున్న పెద్ద కుటుంబం. వాళ్ళ నాన్నగారి షష్టిపూర్తికి నాలుగు వందల ఆకుల భోజనం మాకు చెప్పి ఉన్నారు. తరవాత వచ్చేది ఆషాఢం, నెలంతా శుభకార్యాలుండవు. వంటింట్లో పదిమందీ ఆ ఒక్క కార్యం మీదే ఆశ పెట్టుకున్నారు. కొడుకు చాలా మర్యాదగా మాట్లాడాడు. మా చుట్టాల్లో సగం మందికి షుగరండి, ఇదంతా చూసి నాన్నగారు ఆలోచనలో పడ్డారు, ఆదివారం లోపు ఏ సంగతీ చెబుతాం అన్నాడు.

అన్నవరం నుంచి వచ్చిన రత్నమ్మగారికి నేనే అంతా చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆవిడ ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టి, నేను అన్నం తిన్నానా అని అడిగారు. లేదన్నాను. ఆ జవాబు రాసినప్పుడో అన్నారు. అప్పుడూ లేదన్నాను.

"సూర్యారావూ, రాజుగారికి ఆకెయ్యి. ఆ బూరె వద్దన్నాయనకెలా వడ్డించావో అచ్చం అలాగే వడ్డించు. ఏం తగ్గించకు."

సూర్యారావు తగ్గించలేదు. పనసపొట్టు కూర చాలన్నాను, మళ్ళీ వేశాడు. బూరె వద్దన్నాను, మీరేంటండి పిల్లల్లాగా అని వేశాడు. రెండోది వేస్తాడని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోశాడు. ఇస్త్రీ చొక్కా మోచేతి దాకా నెయ్యి కారింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సత్యవతి ఇంక అక్కడ ఉండలేక లోపలికి పారిపోయింది. ఆకులో ఇంకా సగం మిగిలి ఉంది. సూర్యారావు దాని వంక చూసి, అలవాటుగా, "అన్నం పారెయ్యకూడదండి రాజుగారూ," అన్నాడు.

రత్నమ్మగారు నా ఎదురుగా కూర్చున్నారు.

"ఆయన అబద్ధమేం రాయలేదు కదండి."

"లేదండి."

"మనది ప్రేమేలెండి. కానీ తినేది ఆయన. ఇప్పుడు రాయండి."

చెయ్యి కడుక్కుని రాశాను. మీరు వద్దన్నారు, మేం వినలేదు. మీ మీద ఆ మాటలు రాసింది నేను, అదీ తప్పే. మన్నించండి. ఇది రాయడానికి అయిదు నిమిషాలు పట్టింది. కింద ఇంటిపేరుతో సహా నా పేరు పెట్టడానికి అరగంట పట్టింది. క్షమాపణ కింద ఆ ఇంటిపేరు పడడం అదే మొదటిసారి అనుకుంటాను.

ఆయన బదులివ్వలేదు. స్టార్ మార్చలేదు. మార్చమని ఒక మాట అడుగుదామా అంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఉండనివ్వండి, పసిపిల్ల బుగ్గన దిష్టిచుక్కలాగా ఉంటుందన్నారు. మర్నాటి నుంచి ఎవరైనా ఒకసారి వద్దంటే ఇక అడగకూడదని కట్టడి చేశారు. సూర్యారావు ఆ రోజు వరసల మధ్య జ్వరం వచ్చినవాడిలా తిరిగాడు. గరిటె చెయ్యి దానంతటదే ముందుకు వెళ్తుంటే, రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు.

రెండు రోజులు తిరక్కుండానే కొత్త ఫిర్యాదు వచ్చింది. రాసింది మాకు బాగా తెలిసిన మనిషి, రిటైరైన లెక్కల మాస్టారు. పొద్దున్న కాఫీల దగ్గర పైకి చదివాను: "ఈ హోటలుకి పొగరెక్కింది. ఒక్కసారి వద్దనగానే వెళ్ళిపోతున్నారు. మర్యాదస్తుడు మొదటిసారే ఔనంటాడా? ఆకలితో లేచి ఇంటికొచ్చి మళ్ళీ తిన్నాను."

ముందు నవ్వింది నేనేనట. సత్యవతి తరవాత ఎన్నోసార్లు చెప్పేది, రాజుగారికి పళ్ళున్నాయని ఆ రోజే తెలిసిందని. సూర్యారావు మాత్రం నవ్వలేదు. నేను చెప్పానా లేదా అన్నట్టు ఒక్కొక్కరి మొహమూ చూశాడు.

రత్నమ్మగారు హాలు మధ్యలో కాసేపు నిలబడి అటూ ఇటూ చూశారు. కిటికీల వైపు బల్లలు ఒక వరుస, గోడ వైపు బల్లలు ఇంకో వరుస. రెండు అట్టలు తెప్పించి నా ముందు పెట్టి, మీ దస్తూరీ బాగుంటుంది, రాయండి అన్నారు. కిటికీల వైపు అట్ట మీద, "ఈ వరుసలో వద్దంటే వద్దే." గోడ వైపు అట్ట మీద, "ఈ వరుసలో బతిమాలబడును."

ఆ అట్టల ఫొటో నా జవాబు కన్నా వేగంగా తిరిగింది. శనివారం భీమవరం నుంచి షష్టిపూర్తి పెద్దాయనే స్వయంగా ఫోను చేశారు. మాట కన్నా ముందు నవ్వు వినపడింది. రెండు వరుసలూ కావాలన్నారు.

షష్టిపూర్తి నాడు షామియానా కింద రెండు అట్టలూ కట్టాం. ఆ చుట్టాల్లో మా కుటుంబాన్ని ఎరిగినవాళ్ళు ఉంటారని నాకు తెలుసు. అందుకే వంటల వెనకాల సామాను చూసుకుంటానని ముందే చెప్పుకున్నాను. తీరా భోజనాలు మొదలయ్యాక, షుగరున్నవాళ్ళంతా తిన్నగా వెళ్ళి బతిమాలే వరుసలోనే కూర్చున్నారు. సూర్యారావు ఒక్కడికి చేతులు చాలలేదు. రత్నమ్మగారు ముద్దపప్పు బకెట్టు తెచ్చి నాకు అందించారు.

"నేనింతవరకూ ఎవర్నీ బతిమాలలేదండి," అన్నాను.

"తెలుసండి. అందుకే చిన్న బకెట్టు ఇచ్చాను."

తప్పలేదు. వంగితేనే గరిటె ఆకుకి అందుతుంది. మొదటి నాలుగు ఆకుల దగ్గర ఏమీ అనకుండా వడ్డించాను. అయిదో ఆకు ముందు తెల్ల పంచెలో ఒక పెద్దాయన. చాలు అని చెయ్యి అడ్డం పెట్టి, తలెత్తి నన్ను చూసి, ఎవరబ్బాయివి అని అడిగారు. దాచదలుచుకోలేదు. నడుం నిటారు చేసి ఊరు, ఇంటిపేరు, తాతగారి పేరు చెప్పాను.

ఆయన అడ్డం పెట్టిన చెయ్యి అలాగే ఉంచారు. "మీ ఇంట్లో నేను తిన్నానురా అబ్బాయ్. చిన్నప్పుడు, మా నాన్నతో వచ్చి. మీ తాతగారు నెయ్యి గిన్నె పట్టుకుని బంతి మొదట్నుంచి చివరిదాకా వంగి వంగి తిరిగేవారు. అంతటి మనిషి నన్ను పట్టుకుని ఇంకొక్క బూరె తినమని బతిమాలారు."

ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. మాకోసం ఎవరెవరు లేచి నిలబడేవారో అదే చెప్పారు. మేం ఎవరి ముందు వంగామో చెప్పలేదు. ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ వంగాను.

"ఇంకొక్క గరిటె వేయించుకోండి," అన్నాను.

"వద్దురా, షుగరు."

"పప్పేగా అండి. ఒక్క గరిటె."

"వద్దన్నానా."

"మా తాతగారైతే వదిలేవారాండి?"

ఆయన చెయ్యి తీసేశారు. షామియానా గుంజ దగ్గర రత్నమ్మగారు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆ బంతి అయ్యేసరికి చిన్న బకెట్టు నాలుగుసార్లు నింపించుకున్నాను.

ఇదంతా తలుచుకుంటూ ఇప్పుడు కిందికి దిగాను. అట్టలు పాతబడితే రెండుసార్లు మళ్ళీ రాశాను, మాటలు మాత్రం అవే. గోడ వైపు కూర్చున్నాను. సూర్యారావు ఇప్పుడు అందరికీ వడ్డించడు, మోకాళ్ళ నొప్పులు. నా ఆకుకి మాత్రం అతనే వస్తాడు. కూర చాలన్నాను. వినలేదు. పప్పు వద్దన్నాను. మీరు మరీనండి అన్నాడు. చివరికి అన్నంలో చారు పోయించుకుని కలిపి, నోట్లో పెట్టుకున్నాను.

చారు చల్లగానే ఉంది.

ఆకు మడిచి, చెయ్యి కడుక్కుని ఫోను తీశాను. నిజమేనండి అని మొదలుపెట్టాను. కింద పేరు పెట్టడానికి ఇప్పుడు అరగంట పట్టదు.